హామెట్, చాండ్లర్ నవలలను ఈ కాలంలో ఎలా చదవాలి?

ప్రశ్న: కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలతో అపరాధ పరిశోధన సాహిత్యానికి అలవాటుపడి, ఆ తరువాత షెర్లాక్ హోమ్స్ కథలూ అగాథా క్రిస్టీ నవలలూ చదివిన పాఠకుణ్ణి నేను. అమెరికన్ హార్డ్‌బాయిల్డ్ డిటెక్టివ్ సాహిత్యం, అంటే కరకు డిటెక్టివులతో, హింసతో, పొడి మాటలతో నడిచే కథల జోలికి మాత్రం ఈమధ్యనే వెళ్లాను. రేమండ్ చాండ్లర్ 1939లో ప్రచురించిన ‘ది బిగ్ స్లీప్’నూ, డాషియెల్ హామెట్ 1930లో పుస్తకంగా తెచ్చిన ‘ది మాల్టీజ్ ఫాల్కన్’నూ వెంటవెంటనే పూర్తిచేశాను. రెండూ కింద పెట్టనివ్వకుండా చదివించాయి. అయినా రెండు విషయాలు మనసులో నలుగుతున్నాయి కనుక, ఈ రచయితలతో నాకన్నా ఎక్కువ కాలం గడిపినవారిని అడుగుదామని రాస్తున్నాను. నవలల ముగింపులు ఈ చర్చలో బయటపడక తప్పదు కాబట్టి, ఇంకా చదవనివారు గమనించగలరు.

మొదటి సందేహం కథ అల్లికను గురించి. ‘ది బిగ్ స్లీప్’లో స్టెర్న్‌వుడ్ కుటుంబం కారు డ్రైవరు ఓవెన్ టేలర్, లిడో రేవు దగ్గర సముద్రంలో పడిన కారులో శవమై దొరుకుతాడు. అతన్ని ఎవరైనా చంపారా, తానే ప్రాణం తీసుకున్నాడా అన్నది పుస్తకం పూర్తయినా తేలదు. క్రిస్టీ నవలలో ఇలాంటి లోపం కనిపిస్తే నేను క్షమించలేను. ఇక్కడ మాత్రం అది నన్ను ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకు అర్థం కావడం లేదు.

రెండవది ఇంతకన్నా బరువైనది. అశ్లీల పుస్తకాలను అద్దెకిచ్చే గైగర్‌ను గురించీ, అతనితో ఉండే యువకుణ్ణి గురించీ ఆ నవల డిటెక్టివ్ మార్లో మాట్లాడే తీరులో స్వలింగ సంపర్కుల పట్ల పచ్చి ఏవగింపు ఉంది. మత్తులో ఉన్న స్టెర్న్‌వుడ్ కూతురు కార్మెన్‌ను మార్లో చెంపదెబ్బలు కొడతాడు. ‘ఫాల్కన్’లో స్వలింగ సంపర్కుడైన జోయెల్ కైరోను అందరూ వెటకరిస్తారు, డిటెక్టివ్ స్పేడ్ చేయి కూడా చేసుకుంటాడు. కనిపించకుండా పోయిన వెయ్యి డాలర్ల నోటు కోసం, స్పేడ్ దగ్గరికి కేసు తెచ్చిన బ్రిజిడ్ చేత బట్టలు విప్పించి వెతికే ఘట్టం దగ్గరైతే నేను పుస్తకం మూసి కాసేపు పక్కన పెట్టాను. ‘ఆ కాలం అలాంటిది’ అని సరిపెట్టుకుని ముందుకు సాగాలా, లేక ఇవాళ్టి పాఠకుడికి ఇంతకన్నా మేలైన దారి ఉందా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

సమాధానం: నల్లసిరా

కృష్ణాతీరం గారూ, మీ రెండవ సందేహం గురించే రాస్తాను, ఎందుకంటే ఆ ఇబ్బంది రెండు పుస్తకాల్లోనూ ఒకే రకమైనది కాదని నా నమ్మకం. ఇద్దరు రచయితలనూ ఒకే గాటన కట్టి ‘పాతకాలపు మగ రచయితలు’ అని తేల్చేస్తే వారి మధ్య ఉన్న ముఖ్యమైన తేడా మన చేయి జారిపోతుంది.

‘ది మాల్టీజ్ ఫాల్కన్’లో హామెట్ ఒక కఠినమైన నియమం పెట్టుకున్నాడు. నవల మొత్తంలో ఏ పాత్ర మనసులోకీ తొంగి చూడడు. కథ స్పేడ్ వెన్నంటే నడుస్తుంది, కానీ స్పేడ్ ఏమనుకుంటున్నాడో ఒక్క వాక్యంలోనైనా చెప్పడు. రెండవ అధ్యాయం మొదలు మరొకసారి తీసి చూడండి. చీకట్లో టెలిఫోన్ మోగుతుంది. మంచం స్ప్రింగులు కిర్రుమంటాయి, వేళ్లు చెక్క మీద తడుముకుంటాయి, ఒక గొంతు నాలుగైదు ముక్కలు మాట్లాడుతుంది. దీపం వెలిగాక, ఆకుపచ్చ, తెలుపు గళ్ల పైజమాలో మంచం అంచున కూర్చున్న స్పేడ్ కనిపిస్తాడు. తన భాగస్వామి మైల్స్ ఆర్చర్ హతమయ్యాడని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. ఏ రచయితైనా ఇక్కడ దుఃఖమో, నిర్ఘాంతపోవడమో, కనీసం ఒక నిట్టూర్పో రాస్తాడు. హామెట్ ఒక సిగరెట్టు చుట్టడాన్ని రాశాడు. కాగితం వంపులోకి పొగాకు రాల్చడం, అది రెండు చివరలా సమంగా ఉండి మధ్యలో కొద్దిగా పల్లంగా ఉండేలా సర్దడం, బొటనవేళ్లతో లోపలి అంచును మడవడం, నాలుకతో తడిపి అంటించడం వరకూ ఏ మెట్టూ విడిచిపెట్టలేదు. ఆ చేతులు వణకలేదన్నది మనకు కనిపిస్తుంది. దానికి అర్థం ఏమిటన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. స్పేడ్‌కు తన భాగస్వామి భార్యతో సంబంధం ఉందని తరువాత తెలిసినప్పుడు ఈ ఘట్టం మరొకలా కనిపిస్తుంది.

మీరు పుస్తకం మూసిన ఘట్టానికి ఇదే వర్తిస్తుంది. బట్టలు విప్పమని స్పేడ్ పట్టుబట్టినప్పుడు, అలా చేయిస్తే నీవు దేన్నో చంపినట్టవుతుందని బ్రిజిడ్ అంటుంది. దాని సంగతి తనకు తెలియదనీ, నోటు ఏమైందో మాత్రం తెలియాలనీ అతను బదులిస్తాడు. నోటు ఆమె దగ్గర దొరకదు. ఎవరి పక్షం వహించాలో చెప్పే వాక్యం అక్కడ ఒక్కటీ లేదు. ఆమె అభ్యంతరం పేజీ మీద అలాగే నిలిచి ఉంటుంది. మీకు కలిగిన బాధను ఆ పుస్తకానికి ఎదురుతిరగడంగా నేను భావించను. హామెట్ మీకోసం ఖాళీగా వదిలిన చోటులోనే మీరు నిలబడ్డారు.

చివరి పేజీ కూడా చూడండి. బ్రిజిడ్‌ను పోలీసులకు అప్పగించడానికి తన కారణాలన్నీ స్పేడ్ వరుసబెట్టి చెప్పాడు. తర్కంలో ఎక్కడా పొల్లు లేదు. మరునాడు ఆఫీసులో, అతన్ని అందరికన్నా బాగా ఎరిగిన కార్యదర్శి ఎఫీ పెరీన్ అతని చేయి తన మీద నుంచి తోసేస్తుంది. నీవు చేసింది సరైనదేనని తెలుసు, కానీ ఇప్పుడు మాత్రం నన్ను తాకవద్దు అంటుంది. తరువాత ఆర్చర్ భార్య ఐవా వచ్చిందని చెబుతుంది. స్పేడ్ వణుకుతాడు, ఆమెను లోపలికి పంపమంటాడు. కథానాయకుడి విజయాన్ని ఇంత చల్లగా ముగించిన డిటెక్టివ్ నవల అంతకుముందు ఉందని నేననుకోను.

చాండ్లర్ దారి వేరు. ‘ది బిగ్ స్లీప్’లో కథ చెప్పేది మార్లోనే. అతని మాట అందంగా ఉంటుంది, ఉపమానాలు నవ్విస్తాయి, ఆ నవ్వుతోనే మనం అతని పక్షం చేరిపోతాము. గైగర్ మీద ఏవగింపు కూడా ఆ చమత్కారంతోనే, ఆ గొంతుతోనే వస్తుంది కనుక, పాఠకుడు తలవంచడమో తిరగబడడమో రెండిట్లో ఒకటి చేయాలి. ‘ఫాల్కన్’లో చూసిన ఖాళీ ఇక్కడ లేదు. అందుకని చాండ్లర్‌ను చదివేటప్పుడు, మార్లో మనకు ఏమి చూపిస్తున్నాడన్న దానితో పాటు, ఎవరి మీద నవ్విస్తున్నాడన్నది కూడా గమనించుకుంటూ చదవడం మంచిది. అలా చదివితే ఆనందం తగ్గుతుందని భయపడవద్దు. ఆ వాక్యాల పని ఎంత నేర్పుతో జరిగిందో అప్పుడే తెలుస్తుంది.

సమాధానం: పాతపుస్తకాలమేడ

మీ మొదటి సందేహానికి ఈ రచనలు పుట్టిన పత్రికలో జవాబు ఉంది. 1920లో హెచ్. ఎల్. మెంకెన్, జార్జ్ జీన్ నేథన్ ప్రారంభించిన ‘బ్లాక్ మాస్క్’ చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రిక. హామెట్ సృష్టించిన పేరులేని కాంటినెంటల్ సంస్థ డిటెక్టివ్ 1923 అక్టోబరులో అందులోనే తొలిసారి కనిపించాడు. 1926 నుంచి 1936 వరకు సంపాదకుడిగా ఉన్న జోసెఫ్ షా, పొడిపొడి మాటలతో వేగంగా సాగే ఆ శైలిని పత్రికకు గుర్తింపుగా నిలబెట్టాడు. ‘ది మాల్టీజ్ ఫాల్కన్’ కూడా 1929 సెప్టెంబరు నుంచి ఆ పత్రికలో ధారావాహికగా వచ్చిన తరువాతే పుస్తకమైంది. నెలనెలా పాఠకుణ్ణి పట్టి ఉంచవలసిన చోట, ప్రతి ఘట్టమూ దానంతట అది నిలబడగలగాలి.

చాండ్లర్ విషయంలో మరొక సంగతి ఉంది. ఆయన చమురు సంస్థలో పెద్ద ఉద్యోగం చేసి, 1932లో అది పోయాక, 45వ ఏట తొలి డిటెక్టివ్ కథను 1933 డిసెంబరు ‘బ్లాక్ మాస్క్’లో అచ్చు వేయించుకున్నాడు. ‘ది బిగ్ స్లీప్’ రాసేటప్పుడు తానే 1935లో, 1936లో ప్రచురించిన రెండు కథలను ప్రధానంగా తీసుకుని కలిపాడు. ఒక దాంట్లోంచి గైగర్ వ్యవహారం, మరొక దాంట్లోంచి కనిపించకుండా పోయిన అల్లుడి కథ వచ్చాయి. రెండు వేరువేరు కథలు ఒకే నవల అయినప్పుడు, నేరాల లెక్క చివరికంటా సరిపోకపోవడంలో ఆశ్చర్యం లేదు. 1946లో విడుదలైన సినిమా తీస్తున్నప్పుడు దర్శకుడు హోవర్డ్ హాక్స్ బృందం ఆ డ్రైవరును చంపింది ఎవరని చాండ్లర్‌ను తంతి ద్వారా అడిగితే, తనకూ తెలియదన్నదే ఆయన జవాబు. దీన్ని నిర్లక్ష్యం అని నేను అనను. చివరి పేజీలు చిరిగిపోయినా చదవబుద్ధి వేసేదే మంచి మిస్టరీ అన్న అభిప్రాయాన్ని ఆయన బాహాటంగా రాశాడు.

కాబట్టి ఎవరు ఎవరిని చంపారన్న పట్టికను మనసులో పెట్టుకోకుండా, ఒక్కొక్క అధ్యాయాన్ని ఒక్కొక్క భేటీగా చదవండి. జనరల్ స్టెర్న్‌వుడ్ తన ఆర్కిడ్ పూల గాజుటింట్లో, ఉక్కపోతలో దుప్పటి కప్పుకుని, తాను తాగలేని బ్రాందీని మార్లో తాగుతుంటే చూసి తృప్తి పడే ఆ రెండవ అధ్యాయం చాలు. డబ్బున్న ఇల్లు లోపల ఎలా కుళ్లుతోందో హంతకుడి పేరుతో పని లేకుండానే అక్కడ మొత్తం తెలిసిపోతుంది. మీరు ఆగకుండా పేజీ తిప్పడానికి కారణం అదే అయి ఉంటుంది.

సమాధానం: తూర్పుగాలి

నల్లసిరా గారు హామెట్ గురించి చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. చాండ్లర్ విషయంలో మాత్రం ఒక్క అడుగు ముందుకు వెళ్లాలి. మార్లో చూపు కొన్నిసార్లు తన కాలం కన్నా చురుకైనది, మరికొన్నిసార్లు ఆ కాలం అంత మొద్దుబారినది. ఈ రెండూ ఒకే పుస్తకంలో, ఒక్కోసారి ఒకే అధ్యాయంలో పక్కపక్కనే ఉంటాయి. ఇది బాగా కనిపించేది 1940లో వచ్చిన ‘ఫేర్‌వెల్, మై లవ్లీ’లో.

ఆ నవల లాస్ ఏంజెలెస్‌లోని సెంట్రల్ అవెన్యూలో మొదలవుతుంది. ఎనిమిదేళ్లు జైలులో ఉండి విడుదలైన మూస్ మలోయ్ అనే భారీ మనిషి, తన ప్రియురాలు వెల్మా ఒకప్పుడు పాడిన ఫ్లోరియన్స్ అనే క్లబ్బును వెతుక్కుంటూ వస్తాడు. ఈలోగా అది నల్లజాతివారి క్లబ్బుగా మారింది. అతను లోపలికి దూసుకుపోయి, వెల్మా ఎక్కడని అడుగుతూ, అక్కడి నల్లజాతి మేనేజరును చంపేస్తాడు. కేసు నల్టీ అనే పోలీసు అధికారికి వస్తుంది. చనిపోయింది నల్లవాడు కనుక పత్రికలు పట్టించుకోవనీ, పేరు రాదనీ అతనికి విసుగు. ఈ విసుగును మార్లో స్పష్టంగా గమనిస్తాడు, మనకు చూపిస్తాడు. 1940లో ఒక తెల్లజాతి రచయిత ప్రజాదరణ పొందిన నవలలో పోలీసుల వర్ణవివక్షను ఇంత సూటిగా రాయడం చిన్న విషయం కాదు.

అయితే ఆ తరువాత ఏమి జరుగుతుందో చూడండి. చనిపోయిన ఆ మనిషిని గురించి నవలకు కూడా నల్టీకి ఉన్నంత ఆసక్తే ఉంది. కథ ధనవంతుల ఇళ్లకూ, జేడ్ హారానికీ, బే సిటీ పోలీసుల లంచాలకూ వెళ్లిపోతుంది. సెంట్రల్ అవెన్యూ మనుషులకు మార్లో వాడే మాటలు కూడా ఆ వీధిని దూరం నుంచి చూసినవాడి మాటలే. పోలీసులు పట్టించుకోరని మనకు చెప్పిన పుస్తకం తానూ పట్టించుకోలేదు. నేను మొదటిసారి చదివినప్పుడు మలోయ్ మీద జాలితో పుస్తకం ముగించాను. రెండవసారి చదివినప్పుడు ఆ మేనేజరు కోసం వెతికాను. ఈ కాలపు పాఠకులు చేయగలిగిన పని ఇదేనని నాకు అనిపిస్తుంది. రచయిత వదిలేసిన శవం దగ్గర మనం ఇంకొంచెం సేపు ఆగవచ్చు.

అలా ఆగిన రచయితలు కూడా ఉన్నారు. వాల్టర్ మోస్లీ 1990లో ప్రచురించిన ‘డెవిల్ ఇన్ ఎ బ్లూ డ్రెస్’ తప్పక చదవండి. అదే లాస్ ఏంజెలెస్, కథాకాలం 1948. నల్లజాతివారు కూర్చునే జాపీ బారులోకి ఒక తెల్లవాడు నడిచి రావడంతో నవల మొదలవుతుంది. కానీ ఈసారి చూసే కళ్లు బారులో కూర్చున్న ఈజీ రాలిన్స్‌వి. యుద్ధంలో పనిచేసి వచ్చి, విమానాల కర్మాగారంలో ఉద్యోగం పోగొట్టుకుని, ఇంటి అప్పు వాయిదా కట్టడానికి దారి వెతుక్కుంటున్న మనిషి అతను. మార్లో పోలీసులతో వెటకారంగా మాట్లాడి బయటపడగలడు. ఈజీ ఆ వెటకారానికి ఎంత మూల్యం చెల్లించాలో అతన్ని పోలీసులు పట్టుకుపోయిన ఘట్టం చదివితే తెలుస్తుంది. ఆ ఒక్క తేడాతో, మార్లో ధైర్యంలో ఎంత భాగం అతని చర్మం రంగు ఇచ్చిందో నాకు బోధపడింది. దీనికి ముందే చెస్టర్ హైమ్స్ ఉన్నాడు. ఒహాయో జైలులో ఉండగా రాయడం ప్రారంభించిన ఆయన, తరువాత ఫ్రాన్స్‌లో ‘సెరీ నువార్’ అనే నేర నవలల వరుస సంపాదకుడు మార్సెల్ ద్యుయామెల్ ప్రోద్బలంతో, 1957 నుంచి న్యూయార్క్‌లోని నల్లజాతివారి పేట హార్లెమ్ నేపథ్యంలో ఇద్దరు నల్లజాతి డిటెక్టివుల నవలలు రాశాడు.

స్త్రీల విషయానికి వస్తే, డొరొతీ బి. హ్యూస్ 1947లో రాసిన ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’ను మీ జాబితాలో చేర్చండి. యుద్ధం నుంచి తిరిగి వచ్చి, స్త్రీలను చంపుతున్న ఒక మగవాడి మనసులోనే నవల అంతా సాగుతుంది. అతన్ని మొదట పసిగట్టేది ఇద్దరు స్త్రీలు. కనుక ‘ఆ కాలం అలాంటిది’ అన్న మాట నాకు పూర్తిగా నచ్చదు. ఆ కాలంలోనే వేరుగా చూసినవారూ ఉన్నారు.

కృష్ణాతీరం

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నల్లసిరా గారి సమాధానం చదివాక ‘ఫాల్కన్’ను మళ్లీ తెరిచి ఎఫీ పెరీన్ ఉన్న పేజీలన్నీ వరుసగా చూశాను. కథ మొదట్లో బ్రిజిడ్ మంచిదని స్పేడ్‌కు పదేపదే హామీ ఇచ్చింది ఎఫీయే. ఆ మాట చివరికి తప్పని తేలినా, ఆమె స్పేడ్‌కు దూరంగా జరుగుతుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు అది అర్థం లేని అలకలా తోచింది. ఇప్పుడు, నవల మొత్తంలో ఒక మనిషికి మరొక మనిషి మీద ఉన్న నమ్మకం విరిగిన చోటు అదొక్కటేనని అనిపిస్తోంది. తక్కిన వాళ్లెవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు కనుక విరగడానికీ ఏమీ లేదు.

తూర్పుగాలి గారు సూచించిన మోస్లీ నవలను తెప్పించుకుంటున్నాను. దానికి ముందు హామెట్ ‘రెడ్ హార్వెస్ట్’ చదువుదామని ఉంది. అందులో శవాల లెక్కకు అంతు లేదని విన్నాను. నల్లసిరా గారు చెప్పిన పద్ధతి ఆ నవలకు కూడా పనిచేస్తుందా?

సమాధానం: నల్లసిరా

పూర్తిగా పనిచేయదు, అందుకే ఆ నవల చదవాలి. ‘రెడ్ హార్వెస్ట్’ 1927 నవంబరు నుంచి 1928 ఫిబ్రవరి వరకు ‘బ్లాక్ మాస్క్’లో నాలుగు భాగాలుగా వచ్చి, 1929లో పుస్తకమైంది. ఇందులో కథ చెప్పేది కాంటినెంటల్ సంస్థకు చెందిన ఆ పేరులేని డిటెక్టివే. అంటే ఇది కూడా మార్లో కథల వలె ఉత్తమ పురుషలోనే నడుస్తుంది. కానీ మార్లో తనను గురించి ఎంత చెబుతాడో, ఇతను అంత దాచుకుంటాడు.

కథాస్థలం పెర్సన్‌విల్ అనే గనుల పట్టణం. గనుల యజమాని ఎలైహు విల్సన్ కార్మికుల సమ్మెను అణచడానికి గూండాలను రప్పించాడు. సమ్మె అణిగింది, గూండాలు మాత్రం వెళ్లకుండా పట్టణాన్నే తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఇది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. హామెట్ 1915 నుంచి పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో పనిచేశాడు. కంపెనీల తరఫున కార్మిక సంఘాల మీద నిఘా వేయడం, సమ్మెలు విరగ్గొట్టడం ఆ సంస్థకు పేరుపడ్డ వ్యాపారం. నవల మొదటి వాక్యంలోనే పేరు వచ్చే మోంటానా రాష్ట్రపు బ్యూట్ రాగి గనుల పట్టణంలో, కార్మిక నాయకుడు ఫ్రాంక్ లిటిల్‌ను 1917 ఆగస్టులో ముసుగు మనుషులు ఎత్తుకుపోయి ఉరితీశారు. ఈ చరిత్ర తెలిసి చదివితే, శవాల లెక్క ఉత్కంఠ కోసం పెట్టిన అలంకారంలా అనిపించదు. పట్టణాన్ని శుభ్రం చేస్తానని వచ్చినవాడు ఏ యజమాని డబ్బు తీసుకుంటున్నాడో మొదటి నుంచీ గుర్తుంచుకోండి.

నవల నడుమ ఒకచోట ఈ డిటెక్టివ్, హత్యలు చేయించడం తనకు రుచిస్తోందని, ఈ ఊరి గాలి తనకూ పట్టిందని, ఆ పట్టణపు గూండాలతో పరిచయమున్న డైనా బ్రాండ్ అనే స్త్రీ దగ్గర ఒప్పుకుంటాడు. ఆ రాత్రి మత్తులో పడిపోయి, తెల్లవారి లేచేసరికి అతని చేయి ఒక ఐసుమేకు (ఐసుగడ్డలు పగలగొట్టే మేకు) పిడిని పట్టుకుని ఉంటుంది, ఆ మేకు మొన డైనా గుండెలో ఉంటుంది. తాను చంపలేదని అతను మనకు చెప్పలేడు, ఎందుకంటే అతనికే తెలియదు. అతను ఏమీ అరవడు. వేలిముద్రలు తుడుస్తాడు, గదులన్నీ చూస్తాడు, బయటికి నడుస్తాడు. హంతకుడు ఎవరన్నది తరువాత తేలుతుంది. కానీ అప్పటివరకూ, కథ చెబుతున్నవాణ్ణే అనుమానిస్తూ చదవవలసి వస్తుంది. చాండ్లర్ నవలల్లో నాకు ఈ అనుభవం ఎక్కడా కలగలేదు.

చదివేటప్పుడు మరొకటి గమనించండి. డిటెక్టివ్ శాన్ ఫ్రాన్సిస్కోలోని తన పై అధికారికి పనిని గురించి నివేదికలు పంపాలి. అలాంటి నివేదికలు రాయడం పింకర్టన్ ఉద్యోగంలో హామెట్‌కు రోజువారీ పని. తాను సంస్థ నియమాలనూ చట్టాన్నీ మీరిన చోట్లు కనబడకుండా ఆ నివేదికలను దిద్దడానికి కథ చివర ఇతను చాలా అవస్థ పడతాడు. అధికారి ఆ దిద్దుబాటును నమ్మడు, చీవాట్లు పెడతాడు. నవల అక్కడితో పూర్తవుతుంది. మనకు చెప్పిన కథలో కూడా అతను ఎక్కడెక్కడ దిద్దాడన్న అనుమానంతో నేను మొదటి నుంచి మళ్లీ చదివాను. ముఖ్యంగా విల్సన్ ఇంట్లో జరిగిన శాంతి సమావేశం అధ్యాయంలో అతను చెప్పే కారణాలకూ చేసే పనులకూ పొత్తు కుదరదని నా అభిప్రాయం. మీరు చదివాక అక్కడ మీకేమనిపించిందో ఇక్కడే రాయండి.